దేవుని శిక్షను ఎలా తీసుకోవాలి? (ఎపిసోడ్ పూర్తి పాఠం)

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈరోజు నా తప్పుతోనే మొదలుపెడతాను.

మూడేళ్ళ కిందట, నెల్లూరు తీరంలో మా ఊళ్ళో ఒక తమ్ముడి రొయ్యల గుంటకి వైట్ స్పాట్ తగిలింది. పంటంతా పోయింది. నేను పరామర్శకని వెళ్ళి, "ఆదివారాలు మానేశావు కదా, అందుకే దేవుడు శిక్షిస్తున్నాడు" అన్నాను. అంతే, ఆ తమ్ముడు మందిరం వైపు రావడమే మానేశాడు.

హెబ్రీయులకు 12వ అధ్యాయం తెరవండి, ఫోన్‌లో అయినా సరే. శిక్ష అనగానే మనకి జైలు, జరిమానా గుర్తొస్తాయి. అక్కడి గ్రీకు మాట పైదెయా. అంటే పిల్లవాణ్ణి పెంచి తీర్చిదిద్దడం. మన శిక్షణ అనే మాట కూడా శిక్ష కుదురులోదే. మన పాపాల బాకీ సిలువ దగ్గర తీరింది, తండ్రి దాన్ని రెండోసారి వసూలు చేయడు.

ఆ శిక్షని తేలిగ్గా తీసేయొద్దు, కుంగిపోనూ వద్దు అంటుంది వాక్యం. సమూయేలు తప్పు చూపిస్తే సౌలు రాజు దాన్ని జనం మీదకి నెట్టాడు. నాతాను చూపిస్తే దావీదు ఒప్పుకున్నాడు. బిడ్డ చనిపోయిన రోజున కూడా లేచి స్నానం చేసి, మందిరానికెళ్ళి దేవునికి మొక్కాడు. నాకైతే ఆ లేవడమే పెద్ద విశ్వాసంగా కనిపిస్తుంది. మనస్సాక్షి ఫలానా పాపం అని చూపిస్తే ఒప్పుకుని వదిలెయ్. ఏదీ కనబడకపోతే లేనిది కల్పించుకోవద్దు. యోహాను 9లో పుట్టుగుడ్డివాడి విషయంలో శిష్యులు చేసిన పొరపాటు అదే. నేను చేసిందీ అదే.

మన జిల్లా కథే చూడండి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరు వచ్చారు. ఏళ్ళు గడిచినా విశ్వాసులు గుప్పెడే. 1853లో అమెరికాలో ఈ మిషన్ మూసేద్దామా అని చర్చ జరిగింది. లైమన్ జ్యూయెట్ మాత్రం అక్కడే కొనసాగారు. 1854 జనవరి 1న ఆయన, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండెక్కి ప్రార్థించారు. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలోదే.

తర్వాత 1876లో పెద్ద కరువు. అప్పుడు ఒంగోలులో ఉన్న జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకి కూలి పని చూపించారు. ఆ కాలంలో బాప్తిస్మాలు ఆపేశారు, కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని. 1878 జూలై 3న మాత్రం గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అంకె చెబితే అందరూ హల్లెలూయా అంటారు, నాకు మాత్రం ఆ పలుగూ పారే ముందు గుర్తొస్తాయి.

హెబ్రీ పత్రికలో శిక్ష గురించి చెప్పిన వెంటనే, 12వ వచనంలో, వడిలిన చేతుల్నీ సడలిన మోకాళ్ళనీ బలపరచమని ఉంది. ఆ వచనం నేను ఎన్నోసార్లు చదివాను. ఆ తమ్ముడి ఇంటికి వెళ్ళినప్పుడు మాత్రం గుర్తుకు రాలేదు.

పోయిన నెల వాళ్ళ గుంట గట్టు మీదకి వెళ్ళి క్షమాపణ అడిగాను. కాసేపు మాట్లాడలేదు. మళ్ళీ సీడ్ వేస్తున్నాడు. చివరికి, "అన్నా, ఊరికే నిలబడకపోతే ఆ ఏరియేటర్ ఒక చేయి పట్టు" అన్నాడు.