గాడిలో కారు, గాలిలో ఉప్పు

ఇంట్లో స్లాట్ కార్ల ట్రాక్ నడపడం, దాన్ని కాపాడుకోవడం: సముద్రతీరంలో ఉండేవారికి ఒక విజ్ఞాన పాఠం

బల్లమీదో గచ్చుమీదో అమర్చిన ట్రాక్‌పై అరచేతిలో పట్టే ఎలక్ట్రిక్ కార్లను పరుగెత్తించే ఆటను స్లాట్ కార్ రేసింగ్ అంటారు. స్లాట్ అంటే గాడి. ట్రాక్ పొడవునా సన్నని గాడి, దానికి అటూ ఇటూ రెండు లోహపు పట్టాలు ఉంటాయి. కారు ముందుభాగం అడుగున ఉండే చిన్న పలకలాంటి ముక్క గాడిలో దిగి కారుకు దారి చూపిస్తుంది. దానికి రెండువైపులా ఉండే రాగి తీగల జడలు పట్టాలను రాసుకుంటూ మోటారుకు కరెంటు అందిస్తాయి. కారులో బ్యాటరీ ఉండదు, స్టీరింగు ఉండదు. ఆడేవారి చేతిలోని కంట్రోలర్ మీటను ఎంత నొక్కితే కారు అంత వేగంగా పోతుంది. మలుపులో ఎక్కువ నొక్కితే గాడి తప్పి పక్కకు పడుతుంది.

ఈ ఆట కొత్తదేమీ కాదు. అమెరికాలో బొమ్మ రైళ్లకు పేరుపడ్డ లయొనెల్ కంపెనీ 1912లోనే ఇలాంటి ఎలక్ట్రిక్ కార్లను అమ్మింది. ఇప్పుడు అందరికీ తెలిసిన రూపం మాత్రం 1957లో బ్రిటన్‌లో వచ్చింది. ఫ్రెడ్ ఫ్రాన్సిస్ అనే తయారీదారు అప్పటికే స్ప్రింగుతో నడిచే తన రేకు కార్లలో ఎలక్ట్రిక్ మోటార్లు పెట్టి, ‘స్కేలెక్స్‌ట్రిక్’ పేరుతో హారోగేట్ బొమ్మల ప్రదర్శనలో చూపించాడు. ఇళ్లలో ఎక్కువగా కనిపించే కార్లు అసలు కారులో 32వ వంతు పొడవుంటాయి. ఇంకా చిన్నవి 64వ వంతు ఉంటాయి.

ఈ ఆటను హాడోలాంటి చోటికి తెస్తే ఏమవుతుంది? అండమాన్ రాజధాని శ్రీ విజయపురంలో, అంటే 2024 వరకు పోర్ట్ బ్లెయిర్ అని పిలిచిన ఊరిలో, రేవును ఆనుకుని ఉన్న పేట హాడో. చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నాల నుంచి వచ్చే ప్రయాణికుల ఓడలు ఆగేది ఇక్కడే. ఈ దీవుల్లో తెలుగువాళ్లు తక్కువేమీ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో సుమారు 13 శాతం మందికి తెలుగే మాతృభాష. అలాంటి ఇంటికి ఒక ట్రాక్ సెట్టు వచ్చిందనుకుందాం. మొదటి నెల కార్లు దూసుకుపోతాయి. వానాకాలం మొదలయ్యాక అవే కార్లు తడబడతాయి. ఒకచోట పరుగెత్తి, ఇంకోచోట నీరసపడి, మరోచోట ఆగిపోతాయి. మోటారు పోయిందని సెట్టును అటక ఎక్కించేస్తారు. చాలాసార్లు మోటారుకు ఏమీ కాదు. చెడేది మోటారు దాకా కరెంటు వచ్చే దారి.

అంటుకున్నట్టు కనిపించినా అంటుకోవు

రెండు లోహాలు ఒకదానికొకటి ఆనుకుంటే వాటి ముఖాలు మొత్తంగా కలిసిపోయినట్టు కనిపిస్తాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే ఆ ముఖాలు కొండలూ లోయల్లా ఉంటాయి. ఎత్తైన కొనలు కొన్ని మాత్రమే నిజంగా తాకుతాయి. కరెంటంతా ఆ కొద్ది చుక్కల గుండానే దూరి పోవాలి. అందువల్ల పుట్టే అడ్డంకిని స్పర్శ నిరోధం అంటారు. 20వ శతాబ్దంలో దీన్ని లోతుగా పరిశీలించిన భౌతిక శాస్త్రవేత్త రాగ్నార్ హోల్మ్. స్విచ్చుల నుంచి రైలు కరెంటు తీగల దాకా అన్నిటికీ వర్తించే విషయమిది. ఆ చుక్కల మీద పలచని తుప్పు పొర, దుమ్ము, జిడ్డు చేరితే నిరోధం ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. ట్రాక్‌ను 20 ముక్కలతో గుండ్రంగా కలిపామనుకుందాం. అడాప్టర్ ఒక ముక్కకు 12 వోల్టులు ఇస్తోంది. కారు 1 ఆంపియర్ కరెంటు తీసుకుంటోంది. అడాప్టర్‌కు సరిగ్గా ఎదురుగా, అందరికంటే దూరాన కారు ఉన్నప్పుడు, కరెంటు రెండువైపుల నుంచీ 10 జాయింట్ల చొప్పున దాటి రావాలి. పట్టాలు రెండు కాబట్టి ఒక్కో వైపు లెక్కకు 20 జాయింట్లు. కొత్త సెట్టులో జాయింటుకు 0.02 ఓమ్ నిరోధం అనుకుంటే ఒక్కో వైపు 0.4 ఓమ్. రెండు దారులు సమాంతరం కాబట్టి మొత్తం 0.2 ఓమ్. అంటే దారిలో పోయేది 0.2 వోల్టు. కారుకు తేడా తెలియదు.

జాయింట్లకు మకిలి పట్టి ఒక్కోటి 0.3 ఓమ్‌కు చేరిందనుకోండి. ఒక్కో వైపు 6 ఓమ్‌లు, రెండూ కలిపి 3 ఓమ్‌లు. దారిలోనే 3 వోల్టులు పోయి, కారుకు 9 మిగులుతాయి. ఇలాంటి మోటారు వేగం దాదాపు వోల్టేజీని బట్టి ఉంటుంది కాబట్టి వేగం నాలుగో వంతు తగ్గిపోతుంది. ఒకవైపు జాయింటు పూర్తిగా విడిపోతే నష్టం 6 వోల్టులు. ఒక్కో జాయింటుకు అరకొర తేడా, అన్నీ కలిస్తే ఆట మొత్తం పాడు.

ఉప్పు డబ్బా చెప్పే సంగతి

జాయింట్లకు ఆ మకిలి ఎక్కడిది? సముద్రం దగ్గర వంటింట్లో ఉప్పు డబ్బాను చూస్తే తెలుస్తుంది. వానాకాలంలో మూత తీసి పెట్టిన ఉప్పు చెమ్మగిల్లి నీరు కారుతుంది. 25 డిగ్రీల వేడిలో, గాలిలో సాపేక్ష తేమ 75 శాతం దాటితే సోడియం క్లోరైడ్ స్ఫటికం గాలిలోని నీటిని పీల్చుకుని ద్రావణంగా మారిపోతుంది. సముద్రపు ఉప్పులో కొంత ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కు దాదాపు 33 శాతం తేమ చాలు.

అలలు విరిగినప్పుడు ఎగిరే సన్నని తుంపర్లు గాలిలో ఆరి, ఉప్పు రేణువులుగా ఇళ్లలోకి వస్తాయి. తీరం నుంచి లోపలికి వెళ్లేకొద్దీ ఇవి వేగంగా తగ్గుతాయి. హాడో రేవు పక్కనే ఉంది. పైగా అండమాన్‌లో ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మే నెల మూడో వారం ప్రాంతంలో నైరుతి రుతుపవనాలు తాకిన దగ్గర నుంచి సంవత్సరం చివరిదాకా గాలిలో తేమ 80 శాతానికి అటూ ఇటూ ఉంటుంది. కాబట్టి పట్టాల మీద పడిన ఉప్పు రేణువు అక్కడ పొడిగా ఉండదు. కంటికి కనిపించని ఉప్పునీటి పొరగా మారుతుంది. ఇనుము తుప్పు పట్టడానికి ఆక్సిజన్, నీరు రెండూ కావాలి. ఆ నీటిలో ఉప్పు కలిస్తే కరెంటు సులువుగా పారి తుప్పు ఇంకా త్వరపడుతుంది.

దేశంలో లోహపు పలకలను వేర్వేరు ఊళ్లలో ఆరుబయట ఉంచి, ఎంత తుప్పు పట్టిందో కొలిచే పనిని తమిళనాడులోని కారైకుడిలో 1953లో ప్రారంభమైన కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థ చేస్తూ వచ్చింది. ఐఎస్ఓ 9223 అనే అంతర్జాతీయ ప్రమాణం కూడా గాలిని అది లోహాలను తినే వేగాన్ని బట్టి తరగతులుగా విడదీస్తుంది. రేవుల్లో క్రేన్లకు, వంతెనలకు ఏ రంగు వేయాలో నిర్ణయించడానికి వాడే విజ్ఞానమే ఇంట్లోని బొమ్మ ట్రాక్‌కూ వర్తిస్తుంది.

గీకితే బాగుపడదు

పట్టా నల్లబడగానే చాలామంది ఉప్పుకాగితం తీసుకుంటారు. ఆ రోజుకు కారు బ్రహ్మాండంగా నడుస్తుంది. నెల తిరిగేసరికి మునుపటికంటే ఎక్కువ తుప్పు పడుతుంది. కారణం ఇది. చాలా ప్లాస్టిక్ ట్రాకుల్లో పట్టాలు పూత వేసిన ఉక్కువి. ఆ పూత నికెల్, తగరం లాంటిదైతే, అది గీరుకుపోయి ఉక్కు బయటపడిన చోట రెండు లోహాలూ ఉప్పునీటి పొరలో చిన్న బ్యాటరీలా పనిచేస్తాయి. అందులో తినుకుపోయేది ఉక్కే. పూత ఒకసారి పోతే మళ్లీ రాదు. స్టెయిన్‌లెస్ స్టీల్ పట్టాలున్న సెట్లకు ఈ బాధ చాలా తక్కువ. తీరప్రాంతాల వారు కొనేటప్పుడు చూసుకోవాల్సిన మొదటి సంగతి ఇదే.

శుభ్రం చేసే పద్ధతి సులువే. ముందు కరెంటు తీసేయాలి. నూగు రాలని మెత్తటి గుడ్డను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కొద్దిగా తడిపి పట్టాలు తుడవాలి. దీనికి మంట అంటుకునే గుణం ఉంది కాబట్టి కిటికీలు తెరిచి, దీపాలకు, పొయ్యికి దూరంగా చేయాలి. పలచని మకిలికి పెన్సిల్ రబ్బరు చాలు. ముక్కలు విడదీసి, జాయింట్ల నాలుకలను తుడిచి, పెట్రోలియం జెల్లీ చాలా పలచగా రాసి తిరిగి బిగించాలి. జాయింటు నొక్కుడుకు తాకే చుక్కల దగ్గర జెల్లీ పక్కకు తప్పుకుంటుంది. చుట్టూ మిగిలింది తేమను రానివ్వదు. బండి బ్యాటరీ టెర్మినళ్లకు మెకానిక్కులు రాసేది ఇందుకే. పట్టాల పైముఖానికి మాత్రం రాయకూడదు. టైర్లకు అంటితే కారు జారిపోతుంది.

అన్నిటికంటే మంచి మందు ఆడటమే. కారు జడలు తిరిగిన ప్రతిసారీ పట్టాలను కొద్దిగా రుద్ది శుభ్రం చేస్తాయి. వారానికి ఒకసారైనా పది నిమిషాలు నడిచే ట్రాక్, నెలల తరబడి కప్పిపెట్టిన ట్రాక్ కంటే బాగుంటుంది. జడలు నల్లబడితే కొస కత్తిరించి విప్పాలి. అరిగిపోతే మార్చాలి.

మీటరు కూడా మోసపోతుంది

తప్పు ఎక్కడుందో వెతకడానికి మల్టీమీటరు కావాలి. కానీ కారు లేని ట్రాక్‌పై మీటరు పెడితే, పాడైన జాయింట్ల తర్వాత కూడా 12 వోల్టులే చూపించవచ్చు. మీటరు తీసుకునే కరెంటు దాదాపు సున్నా. కరెంటు పారనప్పుడు నిరోధం దగ్గర వోల్టేజీ పడిపోదు. అందుకే ట్రాక్ మీద బరువు పెట్టి కొలవాలి. దానికి బైకు ఇండికేటర్‌లో వాడే 12 వోల్టుల, 10 వాట్ల బల్బు చాలు. అది సుమారు 0.8 ఆంపియర్ తీసుకుంటుంది. అడాప్టర్ అంత కరెంటు ఇవ్వగలదో లేదో ముందు దాని మీద రాసింది చూడాలి. బల్బును రెండు పట్టాలకు తగిలించి, వెలుగుతుండగా ఒక్కో ముక్క దగ్గర వోల్టేజీ రాసుకోవాలి. ఏ జాయింటు దాటగానే అంకె ఒక్కసారిగా పడిపోయిందో రోగం అక్కడే.

అన్నీ శుభ్రం చేసినా దూరాన వోల్టేజీ తగ్గుతుంటే, అడాప్టర్ నుంచి ఎదుటి వైపుకు మందమైన రాగి తీగలు వేయవచ్చు. పై లెక్కలోని పాడైన ట్రాక్‌కే ఇలా వేస్తే, అందరికంటే దూరపు చోటుకు ఇప్పుడు 5 జాయింట్లే. నష్టం 3 వోల్టుల నుంచి 1.5కు తగ్గుతుంది. ఏ పట్టా తీగ ఆ పట్టాకే కలపాలి. తారుమారైతే షార్ట్ సర్క్యూట్ అవుతుంది.

చెక్క, అయస్కాంతం, టైరు

కొందరు ప్లాస్టిక్ ముక్కలు కాదని చెక్క పలకలో గాడి తవ్వి, పక్కన రాగి పట్టీ అతికించి సొంత ట్రాక్ చేసుకుంటారు. జాయింట్లు ఉండవు కాబట్టి కరెంటు బాధ తగ్గుతుంది. తేమ బాధ ఇంకో రూపంలో వస్తుంది. గాలిలో తేమ 80 శాతం ఉంటే చెక్క తన బరువులో సుమారు 16 శాతం నీటిని పట్టుకుంటుంది. తేమ మారినప్పుడల్లా ఉబ్బుతుంది, కుంగుతుంది. ఎండీఎఫ్ పలక కోసిన అంచుల దగ్గర ఎక్కువ ఉబ్బి గాడిని ఇరుకు చేస్తుంది. హాడో పక్కనే, వంతెన దాటితే వచ్చే చాతమ్ దీవిలో 1883 నుంచి రంపపు మిల్లు ఉంది. చెక్కను ఆరబెట్టాకే వాడాలన్నది అక్కడి పనివారికి కొత్త చెప్పే మాట కాదు. మెరైన్ ప్లైవుడ్ తీసుకుని, గాడి లోపలితో సహా అన్ని వైపులా వార్నిష్ వేసి, ఆ తర్వాతే రాగి పట్టీ అతికించాలి.

రాగి పట్టీకి ఇంకో తేడా ఉంది. చాలా కార్ల అడుగున ఉండే అయస్కాంతం ఉక్కు పట్టాను లాగి కారును ట్రాక్‌కు అదిమి పెడుతుంది. రాగిని అయస్కాంతం లాగదు. అప్పుడు మలుపులో కారును ఆపేది టైరు పట్టు మాత్రమే. మలుపుకు కావలసిన బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం రెట్టింపైతే బలం నాలుగు రెట్లు కావాలి. ఘర్షణ గుణకం 1 అనుకుంటే, 35 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులో అయస్కాంతం లేని కారు సెకనుకు సుమారు 1.85 మీటర్లు దాటితే జారుతుంది. టైరుపై దుమ్ము చేరితే ఈ హద్దు ఇంకా తగ్గుతుంది. అందుకే ఆటకు ముందు టైర్లను జిగురు టేపు మీద దొర్లించాలి.

ఆట అయ్యాక కార్లను బిగుతు మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టాలి. జంతికలు మెత్తబడకుండా దాచే స్టీలు డబ్బా అయినా పనికొస్తుంది. పొట్లాలు తేమ తాగి రంగు మారితే, తయారీదారు చెప్పిన వేడిలో ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు.

రెండు జాగ్రత్తలు తప్పనిసరి. ట్రాక్‌లోని 12 వోల్టులు షాక్ కొట్టేంత కావు. అడాప్టర్ దూర్చే గోడ ప్లగ్గు మాత్రం 230 వోల్టులది. చెమ్మ గోడలున్న ఇళ్లలో ఆ లైనుకు 30 మిల్లీఆంపియర్ల వద్ద కరెంటు కట్టేసే ఆర్‌సీసీబీ ఉండాలి. రెండోది, ఊడిన అయస్కాంతాలు చిన్నపిల్లలకు అందకూడదు. రెండు మింగితే పేగుల గోడలను మధ్యలో బిగించి చిల్లు చేయగలవు. మింగారని అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఈ పనులన్నిటికీ ఒక నోటు పుస్తకం తోడైతే ఆటే ప్రయోగశాల అవుతుంది. నెలకోసారి ఒకే చోట, అదే బల్బుతో వోల్టేజీ కొలిచి, ఆ రోజు గాలిలో తేమ ఎంతో పక్కన రాయాలి. ఏడాది తిరిగేసరికి పిల్లల చేతిలో వాళ్ల ఇంటి గాలి గురించిన సొంత గ్రాఫ్ ఉంటుంది. ఆ గ్రాఫ్ హాడోలో ఒకలా, విశాఖ బీచి రోడ్డులో ఇంకోలా, అనంతపురంలో మరోలా వస్తుంది. ట్రాక్ అదే, కారు అదే. తేడా అంతా గాలిది.