పొద్దు గ్రుంకక మునుపు

బైబిలు గ్రంథమునందు సూర్యాస్తమయమునకు ముందే తీర్చవలసిన ఋణములు కొన్ని చెప్పబడినవి; వానిలో రెంటిని ఇచట తలచుకొందము. కూలివానికి ఆనాటి కూలి ఆనాడే ముట్టజెప్పవలెనని ద్వితీయోపదేశకాండము విధించుచున్నది; కోపమును పొద్దు గ్రుంకిన పిమ్మట నిలువ యుంచుకొనరాదని అపొస్తలుడైన పౌలు ఎఫెసీయులకు వ్రాసెను. ఒకటి ధనమునకును మఱియొకటి హృదయమునకును సంబంధించినదైనను, పరులకు చెందవలసినదానిని మనయొద్ద అట్టిపెట్టుకొనరాదను ధర్మమే రెంటికిని మూలము. గుంటూరు, ప్రకాశము జిల్లాల ప్రత్తిచేల నడుమ పుట్టి దూరదేశముల స్థిరపడిన మనకు ఈ ధర్మము క్రొత్తది గాదు. మన నేలయే దానికొక మహానిదర్శనమును చూపియున్నది.

1876-78 నడుమ దక్షిణదేశమును దహించిన ధాత కరువునాడు, ఒంగోలునందలి అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ, బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకమును గుత్తకు గైకొని, ఆకలిగొన్నవారికి భిక్షకు మారుగా పని చూపి కూలి యిచ్చెను. యజమానుడు అప్పగించిన తలాంతును భూమిలో పాతిపెట్టిన దాసుని కథ క్రీస్తు చెప్పియున్నాడు. యౌవనమున అమెరికాలో తాను నేర్చిన సర్వే విద్యను క్లౌ అట్లు పాతిపెట్టక, కరువువేళ ప్రాణములు నిలుపుటకు వినియోగించెను. ఆయన వెంటనున్న తెలుగు బోధకులు మట్టిపనికి మేస్త్రీలై, విరామవేళల కూలివారి నడుమ కూర్చుండి వారి కష్టసుఖములు వినిరి. అంతకన్నను స్మరణీయమైనది వేఱొకటి కలదు. అన్నము పెట్టు చేతిని చూచి మతము పుచ్చుకొందురేమోనను శంకచేత, ఏడాదికి పైగా ఆయన బాప్తిస్మములనే ఆపివేసెను. కరువు తగ్గుముఖము పట్టి, కాలువ కూలితో పనిలేని దినములు వచ్చిన పిమ్మట, 1878 జూలై 3న వెల్లంపల్లికడ గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. పరుల ఆకలి మన చేజిక్కినపుడు దానిని స్వప్రయోజనమునకు వాడుకొనకుండుటయే గృహనిర్వాహకత్వమునకు పరాకాష్ఠ.

నేడు ఈ ధర్మమునకు పరీక్ష మన పొలములలోనే జరుగుచున్నది. మిరప కళ్లములో ఎఱ్ఱని కాయలను ఎండకు పఱచి, తాలుకాయలను ఏరి వేఱుచేయుచు దినమెల్ల నడుము వంచిన స్త్రీలకు, సరకు అమ్ముడుపోయిన పిమ్మట చూతమనుట ఆ కూలి ధర్మమునకు విరుద్ధము. ప్రత్తికి నీళ్ళు చల్లి తూకము పెంచుటయు, మార్కెట్ యార్డులో మిరప టిక్కీని (బస్తాను) తూచు కాటాను ఏమార్చుటయు, దొంగత్రాసు దేవునికి హేయమన్న సామెతల గ్రంథబోధకు విరుద్ధములు. పొలము అంచులను పూర్తిగా కోయక, పరిగెను బీదలకును పరదేశులకును విడువుమని లేవీయకాండము రైతును ఆజ్ఞాపించినది. సేద్యమును కౌలురైతుకు అప్పగించి విదేశమునందుండు భూస్వామికి ఈ యాజ్ఞ ఏ రూపమున వర్తించును? 2021లో నల్ల తామరపురుగు మిరపతోటలను మాడ్చివేసినపుడు, కౌలు పూర్తిగా రాబట్టిన వాడు పొలమును అంచులవఱకు కోసికొన్నవాడు. కొంత తగ్గించినవాడు పరిగె విడిచినవాడు.

ఇక కోపమును గూర్చిన రెండవ ఋణము. తండ్రి పోయిన పిమ్మట రెండెకరముల పంపకముకడ మాట తప్పినదని అన్నదమ్ములు మాటలు మానుట, ముసలితల్లికి నెలనెలా సొమ్ము పంపుచు ఆమె చెప్పబోవు మాట వినుటకు మాత్రము తీరిక లేదనుట మనవారి యిండ్లలో అరుదు గాదు. వినుటకు వేగిరపడి, మాటాడుటకును కోపించుటకును నిదానింపుమని యాకోబు పత్రిక బోధించుచున్నది. ఈ నిదానము పుట్టుకతో వచ్చునది గాదు. దినదినము అభ్యసించి సాధింపవలసినది. వ్యక్తి యెదుగుదల యనగా నా దృష్టిలో ఇదియే.

మన సంఘములు స్వగ్రామముల బడులకును గుడులకును చర్చీలకును చేయు దానములు శ్లాఘనీయములు. అయినను, బలిపీఠముకడకు వచ్చినవానికి తనపై సహోదరునికి విరోధము గలదని జ్ఞప్తికి వచ్చినచో, అర్పణమును అచటనే విడిచి ముందు అతనితో సమాధానపడవలెనని క్రీస్తు కొండమీద బోధించెను. కావున ఈ సంవత్సరము ఊరికి చందా వ్రాయబూనిన ప్రతివారును, ఆ ఊరిలోనే తాము చెల్లింపవలసిన కూలి, తగ్గింపవలసిన కౌలు, పలుకరింపవలసిన తోబుట్టువు ఉన్నారేమో మొదట విచారించుకొని, ఆ లెక్క తీర్చి, ఆ పిమ్మటనే చందా పంపవలెనని నా మనవి.