నాగిని పగ ఎన్ని భాగాలు?



పోయిన వానాకాలం ఒక సాయంత్రం, మా నాచారంలో, వీధి కాలవలోంచి ఓ పాము బయటికొచ్చింది. కుర్రాళ్లు కర్రలు తెచ్చి కొట్టి చంపేశారు. తీరా చూస్తే అది జెర్రిపోతు! విషం లేనిది, ఎలకల్ని తిని మనకు మేలు చేసేది. పక్కింటి పిన్నిగారు మాత్రం, "దాని జోడు వూరుకుంటుందా? చంపినవాళ్ల బొమ్మ దాని కళ్లల్లో పడే వుంటుంది" అన్నారు. అంతే, ఆవిడ ఏడేళ్ల మనవరాలు వారం రోజులు చీకటిపడ్డాక గుమ్మం దాటలేదు. ఆ పిల్ల టి.వి.లో నాగిని సీరియల్ చూస్తుంది మరి. మనమూ చూస్తాం లెండి, దాచుకోవడం ఎందుకు?

నాగిని హిందీలో 2015 నవంబరులో కలర్స్ చానెల్లో మొదలయింది. నిర్మాత ఏక్తా కపూర్. తెలుగు మాటలతో మన ఇళ్లకూ వచ్చింది. ఇందులో 'సీజన్' అనే పద్ధతి వుంది. అంటే ఒక కథ ముగించి, కొన్నాళ్లాగి, అదే పేరుతో మరో కథ ఎత్తుకోవడం. మొదటి భాగంలో శివన్యగా వేసిన మౌనీ రాయ్, 2016లో వచ్చిన రెండో భాగంలో ఆమె కూతురు శివాంగిగా వేసింది. 2018లో మూడో భాగానికి కథా మారింది, మనుషులూ మారారు. మారనిది ఒక్కటే, పగ! పగ తీరిపోతే సీరియల్ అయిపోతుంది కదా. అందుకే ఒక తరంలో తీరనిది ఇంకో తరానికి, ఒక జన్మలో తీరనిది ఇంకో జన్మకు సాగుతుంది.

నాలుగో భాగం సంగతి చూడండి. 2019 డిసెంబరులో మొదలయింది. నియా శర్మ వేసిన బృంద, తల్లి పగబట్టిన ఇంటికే కోడలవుతుంది. కథ మంచి పట్టులో వుండగా 2020 మార్చిలో కరోనా వచ్చి షూటింగులు ఆగిపోయాయి. నెలల తరబడి కొత్త భాగాలు లేవు. మళ్లీ మొదలుపెట్టాక కథను సాగదీయకుండా గబగబా చుట్టేసి, ఆగస్టు 8న ముగించారు. మర్నాడే, 9వ తేదీన, అయిదో భాగం మొదలు! బృంద తలరాత రాసింది నాగలోకం కాదు, షూటింగు షెడ్యూలు. 2022లో వచ్చిన ఆరో భాగానికైతే మహమ్మారినే కథావస్తువు చేసుకున్నారు. మన బతుకులో వచ్చిన కష్టమే వాళ్లకు కథ అయింది.

ఇదంతా మన పేటవాళ్లకు కొత్తేమీ కాదు. ఎన్.టి. రామారావుగారి రామకృష్ణా స్టూడియో మా నాచారంలోదే. ఉప్పల్ పక్కన రామంతాపూర్‌లో దూరదర్శన్ కేంద్రం వుంది. హైదరాబాదులో టి.వి. వచ్చింది 1977లో. సెట్టు గోడకు ముందువైపు రాజమహలు, వెనకవైపు చెక్కలూ మేకులూ. ఇప్పుడు దానికి కంప్యూటరు తోడయింది. నటి ఆకుపచ్చ గుడ్డ ముందు నిలబడి బుస కొడితే, తోకా పడగా తర్వాత కంప్యూటరులో అతికిస్తారు. ఈ ముక్క పిల్లలకు చెప్పి చూడండి, సగం భయం అక్కడే పోతుంది.

మిగతా సగం మన మాటల్లో వుంది. పాము కళ్లల్లో బొమ్మ పడుతుందన్న నమ్మకం మీదే 1976లో హిందీలో 'నాగిన్' సినిమా వచ్చింది. అది కథ. నిజం పాముకు మొహాలు గుర్తుపెట్టుకుని, పగబట్టి, ఇల్లు వెతుక్కుంటూ వచ్చే తెలివి లేదు. దానికి కావలసింది ఎలకో కప్పో, దాక్కోవడానికి ఓ కన్నం. పాలు దాని ఆహారమూ కాదు. నాగుల చవితికి పుట్టకు పసుపు కుంకుమలు పెట్టి దండం పెట్టుకోండి, కాదనను. బుట్టలో తెచ్చిన పాము నోట్లో మాత్రం పాలు పోయించకండి. పాపం, అది ప్రాణాలకే ముప్పు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, పగ అనుకున్నవాళ్లు మంత్రగాడి దగ్గరికి పరుగెడతారు. కాటు అనుకున్నవాళ్లు ఆస్పత్రికి పరుగెడతారు. బతికించేది రెండోదే. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటి విషానికీ పనిచేసే మందు ఒకటే, అది ఆస్పత్రిలోనే దొరుకుతుంది. కరిచినచోట కోయకండి, నోటితో పీల్చకండి, తాడు బిగించకండి. కాలో చెయ్యో కదలకుండా వుంచి, 108కి ఫోన్ చెయ్యండి.

పాము ఇంట్లోకొస్తే దూరంగా వుండి, పిల్లల్ని పక్కకు తప్పించి, అటవీశాఖకో, మన నగరంలోని ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీకో చెప్పండి. ఆ నెంబర్లు ఇప్పుడే క్యాలెండరు మీద రాసిపెట్టుకోండి. పెరట్లో చెత్తా, పాత ఇటుకలూ పోగుపెట్టకండి. ఎలకలుంటే పాములొస్తాయి.

ఆ మనవరాలికి నేనీ ఆకుపచ్చ గుడ్డ సంగతి చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయితే ఆంటీ, మొన్న చంపిన పాముది నిజం తోకేనా?" అని అడిగింది. నిజం తోకేనమ్మా, అన్నాను. అంతకుమించి నాకేమీ మాట రాలేదు.

సీరియల్ చూడండి, హాయిగా చూడండి. అది అయిపోయాక మాత్రం పిల్లలతో ఒక్క అయిదు నిమిషాలు మాట్లాడండి.