త్రాసు చెప్పునది, చెప్పనిది

ఓరుగల్లు సీమలో ఘనపూర్ అను పేరుగల ఊళ్లు ఒకటికి మించి కలవు. గణపసముద్రమను కాకతీయుల చెరువును, కోటగుళ్లును గల భూపాలపల్లి జిల్లా ఘనపూరు మొదలుకొని, కాజీపేట నుండి సికింద్రాబాదు పోవు రైలుమార్గముపై నున్న స్టేషన్ ఘనపూరు వరకు, రెండేండ్లకొకమారు మేడారపు జాతర దగ్గరపడుసరికి ఆ ప్రాంతపు అంగళ్ల యెదుట కనవచ్చు తంతు ఒకటి గలదు. పెద్ద త్రాసు వ్రేలాడగట్టి, ఒక తట్టలో మనిషిని కూర్చుండబెట్టి, రెండవదానిలో బెల్లపు ముద్దలు పేర్చి, ముల్లు నిలుచువరకు తూచి, ఆ బెల్లమును సమ్మక్క సారలమ్మల గద్దెలకడకు మోసికొనిపోవుదురు. బెల్లమని యెవరును అనరు. అది ‘బంగారము’, మనిషి యెత్తు తూగినచో నిలువెత్తు బంగారము. 1996లో ఈ జాతర రాష్ట్రపు పండుగగా ప్రకటింపబడెను గాని, ఈ తూకపు మొక్కునకు ప్రభుత్వపు గుర్తింపుతో పనిలేదు.

ఇందు నన్ను ఆకర్షించునది భక్తి యొక్కటియే కాదు. ఆసుపత్రిలో బరువుయంత్ర మెక్కవలసి వచ్చినపుడు చెప్పులు విడిచి, జేబులోని తాళపుచెవులు తీసి, అంకెను పైకి చదువవద్దని నర్సమ్మను బతిమాలుకొను మనిషియే, ఇక్కడ పదిమంది నడుమ తట్టలో కూర్చుండి, తన బరువు వీధివారెల్ల వినునట్లు దుకాణదారు పలుకుచుండగా నవ్వుచుండును. గడచిన జాతరకు 82 కిలోలు తూగిన యిల్లాలు ఈ జాతరకు 76 కిలోలకే ముల్లు నిలిపినదనుకొందము. తల్లులకు లోటు చేసితినని ఆమె చింతించునా? ఆ ఆరు కిలోలు తగ్గినందులకు ఇంటివారందరు సంతసింతురు. నష్టము బెల్లపు వర్తకునకు మాత్రమే.

ఆరు కిలోలే గదా యని తీసివేయదగినది కాదు. ఉన్న బరువులో నూటికి అయిదు పాళ్లు తగ్గినను రక్తపోటును, నెత్తుటిలోని చక్కెరయు మెరుగుపడుట మొదలిడునని వైద్యులు చెప్పుచున్నారు. 2002లో ఫలితములు వెల్లడియైన అమెరికా పరిశోధనయందు, 7 శాతము బరువు తగ్గవలెననియు, వారమునకు 150 నిమిషములు నడచుట మొదలగు వ్యాయామము చేయవలెననియు నియమము పెట్టుకొన్నవారిలో మధుమేహము దాపురించుట 58 శాతము తక్కువయ్యెను. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో తెలంగాణపు వయోజనులలో నూటికి సుమారు ముప్పదిమంది అధికబరువువారుగా తేలినారు గనుక, ఈ లెక్క మన యింటి లెక్కయే.

అయితే రెండేండ్లకొకమారు తూగువానికి అబద్ధము చెప్పని త్రాసు, దినదినము ఎక్కువానికి మాత్రము చెప్పును. శరీరమున గ్లైకోజెనను పిండిపదార్థము నిలువయుండును. దాని ప్రతి గ్రామును సుమారు మూడు గ్రాముల నీటిని పట్టియుంచును. తిండి తగ్గించిన మొదటి వారమున ఆ నిలువ కరిగి, దానితోడి నీరు వెడలిపోవుటచేత ముల్లు చకచక దిగును. ఆ వారమున సంబరపడినవాడు, నాలుగవ వారమున కొవ్వు నిజముగా కరుగుచున్నను ముల్లు కదలలేదని దిగులుపడి కూర్చుండును. రాత్రి ఊరగాయ కాస్త యెక్కువైనను మరునాడు బరువు పెరిగినట్లే కనబడును. అది ఉప్పు పట్టియుంచిన నీరు.

త్రాసు అసలే చూడజాలని మేలు మరొకటి కలదు. చెన్నపట్టణమున డాక్టర్ రామచంద్రన్ నడపిన పరిశోధన యొకటి 2006లో ప్రకటింపబడెను. మధుమేహము అంచున నున్నవారిచే నడకయు, మితభోజనమును మూడేండ్లపాటు చేయింపగా, వారి బరువు చెప్పుకొనదగినంత తగ్గకపోయినను, వ్యాధి దాపురించుట 28.5 శాతము తక్కువయ్యెను. వారిలో ముల్లునే నమ్ముకొన్నవాడెవడైన నుండెనేని, గెలిచియు ఓడితినని యనుకొనియుండును. కావున బరువుయంత్రముతోబాటు దర్జీ టేపు నొకదానిని ఇంట నుంచుకొనుట మేలు. మనవారిలో నడుము కొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటరాదందురు. చెరువుకట్ట యెక్కునపుడు ఆయాసము తగ్గుటయు, డాక్టరే స్వయముగ ఒక మాత్రను తగ్గించి వ్రాయుటయు పండుగ చేసికొనదగిన సంగతులే.

ఇక ఆ పండుగను దేనితో చేసికొనుట? రెండు కిలోలు తగ్గితినని హోటలుకు పోయి బిర్యానీ తినువారు మన చుట్టును కొల్లలు. ఇది మన బలహీనత మాత్రమే కాదు. 2005లో ఫిష్‌బాక్, ధర్ అను పరిశోధకులు, ఆహారనియమము పాటించువారికి ఒక కొలబద్ద నిచ్చి, కోరుకొన్న బరువునకు తామెంత దూరమున నున్నారో గుర్తుపెట్టుమనిరి. పొడవైన కొలబద్ద చూచినవారికి ఆ దూరము అల్పముగ తోచెను. పొట్టిదానిని చూచినవారికి అధికముగ తోచెను. తరువాత చాకొలెట్టును, ఆపిలు పండును ముందుంచగా, చేరువైతిమని తలచినవారిలో 85 శాతము, తలపనివారిలో 58 శాతము చాకొలెట్టునే పుచ్చుకొనిరి. సాధించితినను తలంపే సెలవుచీటి యగును! మేడారము నుండి వచ్చు బంగారమైనను నూరు గ్రాములకు 350కి పైబడిన కేలరీలు గలదే. ప్రసాదము కండ్లకద్దుకొని చిటికెడు తినుటకే గాని ముద్దలుగా తినుటకు కాదు.

అన్నిటికంటె కఠినమైన దశకు మాత్రము లోకమున వేడుకయే లేదు. తగ్గిన బరువును నిలుపుకొనుచున్నవానిని ఎవరును అభినందింపరు, చూచుటకు మార్పేమియు ఉండదు గనుక. కాని మెల్‌బోర్న్‌లో 2011లో వెల్లడియైన పరిశోధన ప్రకారము, బరువు తగ్గి సంవత్సరము గడచినను ఆకలిని పెంచు హార్మోనులు హెచ్చుగనే యుండి, పోయిన కిలోలను మరల రప్పించుటకు శరీరము లోలోన పాటుపడుచునే యుండును. కనుక ఏడాదిపాటు ముల్లును కదలనీయనివాడు ఊరక కూర్చున్నవాడు కాడు. మన దర్జీలు ముందుచూపుతో, రేపు లావైనచో విప్పుకొనవచ్చునని, రవికలకు ప్రక్కకుట్టు లోపల రెండంగుళముల గుడ్డ విడిచి కుట్టుదురు. ఆ యేడాది నిండిన దినమున బీరువాలోని వదులు దుస్తులను ఎవరికైన నిచ్చివేసి, కొత్త రవికకు లోపలి గుడ్డ అంతగా విడువనక్కరలేదని దర్జీతో చెప్పి వచ్చిన యిల్లాలి వేడుకను, ఆ దర్జీ తప్ప వేరొకరు గమనింపకపోవచ్చును.