ఆరు మూరల లెక్క

2009 మొదట్లో దుబాయ్‌లో ఉన్నవాళ్లకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. ఉద్యోగాలు పోయి తిరిగి వెళ్లిపోతున్నవాళ్లు కార్లూ సోఫాలూ వచ్చిన ధరకి ఇచ్చేస్తున్నారు. మనవాళ్లంతా కార్లు చూసుకుంటుంటే నేనూ, నా ఆఫీసు మిత్రుడూ కలిసి ఒక తెరచాప పడవ కొన్నాం. మా ఆవిడ వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆవిడ కోపంలో న్యాయముంది లెండి. పడవ ఉమ్ అల్ ఖ్వైన్‌లో ఇసుక మీద పడి ఉంది. చాపలు ఎండకి పీలికలయ్యాయి. కాగితాల్లో పొడవు 22 అడుగులని తప్ప ఇంకేమీ లేదు. తయారీదారు పేరు ఎప్పుడో చెరిగిపోయింది.

ఆ సంక్రాంతి వెళ్లాక మా నాన్న మూడు నెలల విజిట్ వీసా మీద వచ్చారు. ఆయన తాళ్లరేవులో పడవలు కట్టిన వడ్రంగి. పక్కనే ఉన్న కోరంగి ఒకప్పుడు పెద్ద ఓడరేవు, 1839 తుపానులో దెబ్బతిని మళ్లీ కోలుకోలేదు. పడవలు కట్టే పని మాత్రం ఆ చుట్టుపక్కల నిలిచింది. నలభై ఏళ్లు ఊళ్లోవాళ్లకి పడవలు చేసిచ్చిన మనిషి షికారుగా ఒక్కసారీ నీళ్ల మీద తిరగలేదు. ఆయన వెళ్లేలోపు మా పడవ ఎక్కించాలని నా పట్టుదల.

చాప కుట్టేవాళ్లు మొదట అడిగింది, 'మీ పడవ రిగ్ ఏమిటి?' అని. కొయ్యలు ఎన్ని, ఎక్కడున్నాయి, చాపలు ఎలా కడతారు అనేదే రిగ్. జుమేరా బీచిలో పిల్లలు నడిపే లేజర్ పడవ చూడండి. ఒకే కొయ్య, అదీ బాగా ముందుకి, దానికి 7.06 చదరపు మీటర్ల ఒకే ఒక చాప. దాన్ని క్యాట్ రిగ్ అంటారు. ఒక కొయ్యకి వెనకొక చాప, ముందొక చాప ఉంటే స్లూప్. ముందు చాపలు రెండైతే కట్టర్. రెండు కొయ్యల్లో వెనకది పొట్టిదైతే కెచ్ గానీ యాల్ గానీ అవుతుంది. ఆ పొట్టి కొయ్య చుక్కాని ఇరుసుకి ముందుంటే కెచ్, వెనకుంటే యాల్. వెనక కొయ్య ముందుదానితో సమానంగానో, పొడుగ్గానో ఉంటే స్కూనర్. మాది స్లూపే. అంతవరకూ బాగానే కనిపెట్టాం.

కొలతల దగ్గరే బోల్తా పడ్డాం. పాత చాపని మా బిల్డింగ్ పార్కింగులో పరిచి, టేపుతో కొలిచి మెయిల్ చేశాం. నెల తర్వాత కొత్తది వచ్చింది. కొయ్య చివరిదాకా లాగినా ముడతలు పోలేదు, కింది బూమ్ వాలిపోయి మా తలలకి తగులుతోంది. ఏళ్ల తరబడి గాలికి సాగిపోయిన గుడ్డని కొలిచామన్నమాట. డబ్బు పోతే పోయింది, వీసాలో సగం రోజులు పోయాయి.

నాన్న అంతా విని ఒకే మాటన్నారు. "ఒరే, చిరిగిన చొక్కాని కొలిచి కొత్త చొక్కా కుట్టిస్తారా? మనిషిని కొలవాలి గానీ."

ఆ పద్ధతే సరైనదని తర్వాత తెలిసింది. నాలుగు కొలతలు చాలు. బూమ్ పైనుంచి చాప ఎక్కగలిగినంత ఎత్తు 'పి'. కొయ్య వెనక అంచు నుంచి బూమ్ మీద చాప చివరిదాకా 'ఇ'. డెక్ నుంచి ముందు చాపని లాగే తాడు కొయ్య మీద ఉన్న ఎత్తు 'ఐ'. కొయ్య ముందు అంచు నుంచి ముక్కు దగ్గర తీగ కట్టినచోటిదాకా 'జె'. పి, ఇ గుణించి సగం చేస్తే పెద్ద చాప. ఐ, జె గుణించి సగం చేస్తే ముందు త్రికోణం. నిజం చాప అంచు వంపు వల్ల దీనికంటే కాస్త ఎక్కువే ఉంటుంది, అది కుట్టేవాడి సంగతి.

కొయ్య ఎక్కకుండా 'పి' కొలవాలంటే, చాపని పైకి లాగే తాడుకే టేపు కట్టి పైదాకా లాగాలి. దానికి ఇంకో సన్నతాడు కూడా కట్టమన్నారు నాన్న. మా మిత్రుడు నవ్వాడు. పైకి వెళ్లాక, లెక్క రాసుకోగానే టేపు ఊడి కిందపడింది. ఆ సన్నతాడే లేకపోతే తాడు అక్కడే ఉండిపోయేది!

పి 7.9 మీటర్లు, ఐ 7.4, జె 2.1. బూమ్ దగ్గర నాన్న టేపు తీసుకోలేదు. మోచేతితో కొలుచుకుంటూ వెళ్లి "ఆరు మూరలు" అన్నారు. టేపు 2.7 మీటర్లు చూపించింది. మొత్తం 18.4 చదరపు మీటర్లు. ముందు తీగ కొయ్య కొసదాకా వెళ్లకుండా కిందే ఆగింది కాబట్టి దీన్ని ఫ్రాక్షనల్ స్లూప్ అంటారట.

చాప కోసం ఎదురుచూస్తూ ఆయన్ని క్రీక్ దగ్గర దౌల వైపు తీసుకెళ్లాను. అక్కడివన్నీ ఇంజన్లతో నడిచేవే. చాప దౌలు చూడాలంటే పందేలకి వెళ్లాలి. సర్ బూ నయీర్ దీవి నుంచి దుబాయ్‌కి 60 అడుగుల దౌలతో జరిగే అల్ గఫాల్ 1991లో మొదలైంది. ముత్యాల వేట ముగించుకుని ఇళ్లకి తిరిగిరావడమే ఆ పేరుకి అర్థం. వాటికి మా పడవకున్నట్టు బూమ్ ఉండదు, ఏటవాలుగా వేలాడే పొడుగాటి వాసానికి చాప కడతారు. పై నాలుగు కొలతలతో దాన్ని కొలవలేం. నాన్నకి ఫోటోలు చూపిస్తే వాసం అతుకు ఎక్కడుందో వెతికారు.

రెండో చాప ఏప్రిల్ మొదటి వారంలో వచ్చింది. వీసా ఇంకా తొమ్మిది రోజులుంది. శుక్రవారం పొద్దున్న గాలి లేదు, మధ్యాహ్నానికి సముద్రం వైపు నుంచి మొదలైంది. చాప ఒక్క ముడత లేకుండా నిలబడింది. నాన్న సముద్రం చూడలేదు. బూమ్ పక్కన మోచెయ్యి పెట్టి మళ్లీ మొదట్నుంచీ కొలిచారు. "ఆరే" అన్నారు.

చుక్కాని కర్ర ఆయన చేతికిచ్చాను. ఒడ్డువైపు తిప్పమని మా మిత్రుడు రెండుసార్లు చెప్పాడు. ఆయనకి వినపడలేదో, వినపడనట్టు ఊరుకున్నారో!