హాజరుపట్టీలో మద్దిలేటి

బేతంచెర్ల చుట్టుపట్ల ఏ పాఠశాలలోనైనను పాత హాజరుపట్టీ నొకదానిని తెరచి చూడుడు. మద్దిలేటి, ఓబులేసు, సుంకన్న, దస్తగిరి, పుల్లయ్య, మౌలాలి, మరల మద్దిలేటి. ఇంటిపేరు చేర్చిననే గాని ఏ మద్దిలేటి యెవరో తెలియదు. దూరప్రాంతమునుండి క్రొత్తగా వచ్చిన ఉపాధ్యాయుడు మొదటి దినమున ఈ పేరుకడ ఒక్క క్షణ మాగును. ఆగుటలో తప్పులేదు. ఆగినపుడు పెదవిపై చిరునవ్వు తోచినచో మాత్రము ఆ పిల్లవాడు దానిని ఏండ్ల తరబడి మరువడు. పదవ తరగతి పరీక్షకు దరఖాస్తులు నింపు దినమున బల్ల ప్రక్కకు వచ్చి, "సార్, నా పేరు మహేశ్ అని రాయండి" అని మెల్లగా అడుగును.

అతడు వదలుకొనుచున్న పేరేమో చూతము. బేతంచెర్ల మండలమున రంగాపురముకడ కొండల నడుమ నరసింహస్వామి వెలసియున్నాడు. ఆ తావున పారు వాగు మద్దిలేరు. ఏరు అను శబ్దమునకు విభక్తి పరమగునపుడు ఏటి యగును. ఏటి గట్టు, నోటి మాట, ఇంటి దారి అనుటలోని 'టి' యే ఇది. చిన్నయసూరి 1858లో వెలువడిన బాలవ్యాకరణమున ఔపవిభక్తికము లనినది వీనినే. మద్దిలేటి నరసింహస్వామి యనగా మద్దిలేరునందలి నరసింహస్వామి. జనుల నోట స్వామి పేరు జారిపోయి, ఏరు మాత్రము విభక్తితో మిగిలినది. కనుక మద్దిలేటి యనునది విశేష్యమును పోగొట్టుకొన్న విశేషణము. దాని వెనుక నరసింహుడు వినబడకయే నిలిచియున్నాడు. ఔపవిభక్తికములు బోధించు పండితుడు ఉదాహరణమునకై పుస్తకము తిరుగవేయ నక్కరలేదు. రెండవ బల్లమీద ఒకడు కూర్చుండియే యుండును.

ఇక మద్ది. ఏటి గట్టుల నాశ్రయించి పెరుగు ఈ వృక్షమునకే సంస్కృతమున అర్జున మని పేరు. బాలకృష్ణుడు రోటితో కూల్చిన జంట మద్దులే యమళార్జునములు. అర్జునుడను పేరుగల బాలుని చూచి నవ్వనివారు మద్దిలేటిని చూచి నవ్వుట వింతయే.

ఓబులేసు అంతకంటె పెద్ద యింటివాడు. అహోబిలేశుడు నోట నోట నలిగి ఓబులేసైనాడు. ఎఱ్ఱన నృసింహపురాణమున కెక్కిన అహోబిలమే అది. నేటి నంద్యాల జిల్లాలోనిదే. ఓబయ్య, ఓబన్న, ఓబుళరెడ్డి యందరును ఆ కొండనుండి దిగివచ్చినవారే. 1846లో కుంపిణీ ప్రభుత్వముపై తిరుగబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని మరుసటి యేడు ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీసిరి. ఆయన వెంట నిలిచినవాడు వడ్డె ఓబన్న. నాయకునిది నరసింహుని సంస్కృత నామము, అనుచరునిది ఆ దేవుడు వెలసిన కొండకు పల్లెనోట చెల్లు రూపము. దేవు డొక్కడే. పేర్లలోని యీ పొత్తును పాఠము చెప్పువారు గమనించిరో లేదో!

సుంకులమ్మకు మ్రొక్కుకొని కన్నవాడు సుంకన్న. కౌతాళము ప్రక్క ఉరుకుందలోని ఈరన్నకు మ్రొక్కినచో బిడ్డకు ఈరన్న యనియు పెట్టవచ్చును, ఊరి పేరే ఉరుకుందు అనియు పెట్టవచ్చును. ఊరికి అడుగులు వచ్చి యింట తిరుగుచున్నట్లుండును.

దస్తగిరిని వేంకటగిరివలె ఒక కొండ యని భావించువారు కలరు. ఇది పారసీకము. దస్త్ అనగా చేయి, గీర్ అనగా పట్టుకొనువాడు. 1166లో బాగ్దాదున పరమపదించిన అబ్దుల్ ఖాదర్ జీలానీ యను సూఫీ మహనీయుని బిరుదమది. ఆపదలో చేయి పట్టుకొనువాడని భావము. ఆయన మరియొక బిరుదమైన మహబూబ్ సుభానీ ఇచ్చట మాబుసుభానీ యైనది. ఇంకను ముద్దుగా మాబు. ముస్లిములకు, దూదేకులవారికే గాక, దర్గాకు మ్రొక్కుకొన్న హిందువుల బిడ్డలకును ఈ పేర్లున్నవి. మరొక ప్రక్క, బనగానపల్లెలో కొంతకాలము నివసించిన వీరబ్రహ్మముగారి ప్రియశిష్యుడు దూదేకుల కులమున పుట్టిన సిద్దయ్య. పేరునుబట్టి మతము చెప్పబోవువారు ఈ సీమలో తరచు పొరపడుదురు.

వీరందరికంటె నవ్వులపాలగువాడు పుల్లయ్య. పుట్టిన బిడ్డలు వరుసగా పోవుచుండగా, మరల పుట్టినవానిని పుల్లి విస్తళ్లపై, అనగా భుజించి పారవేసిన ఆకులపై, దొర్లించి పుల్లయ్య యని పిలుచువారని పెద్దలు చెప్పుదురు. పెంటయ్య, తిప్పన్న, కుప్పయ్యలలో చాలమంది కథయు ఇదియే. ఇది ఎవరికిని పనికిరాని వస్తువు, దీనిని తీసుకొనిపోయి యేమి చేసెదవని మృత్యువుతో తల్లి ఆడిన బొంకు అది. చీనా పల్లెలలోను 'కుక్క విడిచినది' అను అర్థము వచ్చు పేరు ఈ భయముతోనే పెట్టుచుండిరి. ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో మన దేశమున పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో రెండువందలకు పైగా మొదటి పుట్టినదినము చూడకయే పోవుచుండిరి. నేడా సంఖ్య ముప్పదికి లోపు. టీకాలు వచ్చినవి, ఆసుపత్రి కాన్పులు వచ్చినవి. పుల్లయ్య యను పేరుతో పని తీరినది. తీరుట మంచిదే. దానికై విచారింప నక్కరలేదు.

మద్దిలేటికిని ఓబులేసుకును అట్లు పని తీరలేదు. వారిని నేడు తొలగించుచున్నది సిగ్గు. జన్మనక్షత్రము చెప్పిన అక్షరము మొదట, నాగరికమని తోచిన 'ష్' చివర, నడుమ ఏదియో ఒకటి వచ్చునట్లు పేర్లు కూర్చుచున్నారు. వానిలో చెవి కింపైనవి లేకపోలేదు. అర్థ మడిగిన, పెట్టిన తండ్రియే తడుముకొనును. కొన్ని యిండ్లలో ఉభయతారకముగా కాగితముమీద మదన్, పుట్టువెంట్రుకలు తీయించునపుడు స్వామి యెదుట మద్దిలేటి.

ఈ ప్రాంతమున పనిచేసిన తెలుగు పండితు డొకరికి ఒక అలవాటుండెడిది. క్రొత్త తరగతికి పోయిన మొదటి దినమున పాఠము చెప్పెడివాడు కాదు. "మీ పేరు ఎవరు పెట్టినారో, ఎందుకు పెట్టినారో ఇంటికాడ అవ్వనడిగి రండి" అని పంపెడివాడు. ఒక యేడు పుల్లయ్య యను బాలుడు మరునాడు లేచి, అది తన తాత పేరని చెప్పెను. ముందు పుట్టిన ముగ్గురు పోగా మిగిలిన నాలుగవవాడు ఆ తాత. అవ్వ చెప్పినది చెప్పినట్లు ఒప్పగించి, వాడు కొంచెము తటపటాయించి, "ఆ తాత బతకకుంటే మా నాయన లేడు సార్, నేనూ లేను" అనెను.

పండితుడు హాజరుపట్టీ తీసి, మరల మొదటినుండి పిలిచెను.