గాజుతొట్టిలో సమాధానం

జూబిలీ హిల్స్, ఫిలింనగర్ అనగానే మనకు సినిమా తారలు, స్టూడియోలు, కొండల మీద కట్టిన పెద్ద పెద్ద భవనాలు గుర్తుకు వస్తాయి. ఒకప్పుడు బండరాళ్లు, తుప్పలు నిండిన ఆ కొండల్లో, తెలుగు సినిమా పరిశ్రమ మద్రాసు నుండి హైదరాబాదుకు తరలివచ్చే కొద్దీ స్టూడియోలు, ఇళ్లు వెలిశాయి. అక్కడి ఇళ్ల హాలులో కనిపించే అలంకారాల్లో రంగుచేపల గాజుతొట్టి ఒకటి. సినిమాల్లో ధనవంతుల ఇంటి సెట్టు వేసినప్పుడు కూడా దానికి ఒక మూల చోటు దొరుకుతూ ఉంటుంది.

ఆ ఇళ్లలో వంటవారుగా, డ్రైవర్లుగా, తోటమాలులుగా పనిచేసేవారిలో మన పల్లెల నుండి వెళ్లినవారు ఎందరో ఉన్నారు. యజమాని ఇంట్లో తొట్టి శుభ్రం చేసే పని తరచుగా వారి చేతిమీదనే జరుగుతుంది. ఆ చేపలను చూసి ముచ్చటపడి, ఊరికి వచ్చేటప్పుడు పిల్లల కోసం నాలుగు చేపలను ప్లాస్టిక్ సంచిలో తెచ్చేవారూ ఉంటారు. రంగుచేపల దుకాణాలు ఇప్పుడు చిన్న పట్టణాల్లో కూడా కనిపిస్తున్నాయి. అయితే తెచ్చిన కొద్ది రోజులకే ఒక చేప తోక చినిగిపోవడం, ఇంకొకటి కనిపించకుండా పోవడం, పిల్లలు కంటతడి పెట్టడం చాలా ఇళ్లలో జరిగేదే. దీనికి కారణం ప్రతిసారీ జబ్బు కాదు. చాలాసార్లు జత కుదరకపోవడమే కారణం.

పారిపోవడానికి చోటు లేదు

చెరువులో ఒక చేప మరొక దానిని తరిమితే, అది నాచు చాటుకో రాళ్ల సందుకో పోయి బ్రతుకుతుంది. గాజుతొట్టిలో ఎక్కడికి పోతుంది? రెండడుగులు పోగానే అద్దం అడ్డు వస్తుంది. అలా పగలూ రాత్రీ భయంతో మూలన నక్కిన చేప మేత తినదు. నీరసించి రోగాలకు లోబడుతుంది. తరిమేది చెడ్డ చేప అని కాదు, దాని స్వభావం అది. కనుక తొట్టిలో సమాధానం చేపల చేతిలో లేదు, దుకాణంలో వాటిని ఏరుకునే మన చేతిలో ఉంది. డబ్బు ఇచ్చే ముందు మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు.

ఇది పెరిగితే ఎంత అవుతుంది?

దుకాణంలో ఉన్నవాటిలో చాలావరకు పిల్లలే. వేలెడంత ఉన్న ఆస్కార్ చేప పెరిగి అడుగు పొడవు అవుతుంది, నోట పట్టిన ప్రతి చేపనూ మింగుతుంది. చిన్నప్పుడు నియాన్ టెట్రాలతో చక్కగా తిరిగిన ఏంజెల్ చేప, పెద్దదైన తరువాత వాటినే తినివేస్తుంది. "షార్క్" అని చెప్పి అమ్మే వెండిరంగు చేపల్లో ఒకటి, మన కొల్లేరు ప్రాంతపు చెరువుల్లో పెంచే ఫంగస్ చేప పిల్లే. నదిలో అది మీటరు పైన పెరుగుతుంది. ఎర్ర పొట్ట చూపించి "పిరానా" అని అమ్మేది చాలాసార్లు మన బజారులో దొరికే రూప్‌చంద్ పిల్ల. ఇటువంటి వాటికి చెరువు కావాలి గాని రెండడుగుల తొట్టి చాలదు.

అదృష్టం తెస్తుందని కొందరు కొనే ఫ్లవర్‌హార్న్ చేప, మనుషులు జాతులు కలిపి పుట్టించిన సంకర జాతి. 1990లలో మలేషియాలో తయారైంది. దాని తలమీద బుడిపె ఎంత అందంగా ఉన్నా, తొట్టిలో రెండవ చేపను బ్రతకనివ్వదు. అరోవానాకు పెద్ద హాలులో పెద్ద తొట్టి ఉండాలి. ఆ ఇళ్లలో చూసినదాన్ని మన ఇంట్లో చేయబోతే చేపకు కష్టం, మనకు ఖర్చు.

ఇది ఒంటరిదా, గుంపుదా?

ఫైటర్ చేపల్లో మగవి రెండింటిని ఒకచోట వేస్తే పోరాటం తప్పదు. దాన్ని ఒంటరిగా ఉంచడమే మంచిది. పొడవాటి తోకలున్న గప్పీలను కూడా అది శత్రువు అనుకుని కరవవచ్చు. ఇందుకు విరుద్ధంగా కొన్ని చేపలు ఒంటరిగా ఉంటేనే చెడిపోతాయి. టైగర్ బార్బ్‌లను రెండు మూడు మాత్రమే తెస్తే ఇతర చేపల రెక్కలు కొరుకుతాయి. ఎనిమిది, పది కలిసి ఉంటే తమలో తామే ఆడుకుంటాయి. అయినా నెమ్మదిగా ఈదే చేపలతో వాటిని కలపకూడదు.

జీబ్రా చేప మన దేశపు చేపే. గంగా పరీవాహక ప్రాంతపు వాగుల్లో, పొలాల నీళ్లలో పెరుగుతుంది. రెండంగుళాలు దాటదు. చలికీ వేడికీ కొంత తట్టుకుంటుంది. ఆరింటిని కలిపి వేస్తే చూడముచ్చటగా పరుగులు తీస్తాయి. అడుగున తిరిగే కోరీడోరస్, మన జెల్ల జాతికి దూరపు బంధువు, ఎవరి జోలికీ పోదు. దీన్ని కూడా నాలుగైదు కలిపి పెంచాలి. మీసాలు గీసుకుపోకుండా అడుగున నున్నని ఇసుక పరచాలి.

మన నీరు దీనికి సరిపడుతుందా?

చాలామంది మరచిపోయేది ఈ ప్రశ్నే. జూబిలీ హిల్స్‌లో కుళాయిలకు వచ్చే మంజీర, కృష్ణ, గోదావరి నీళ్లలో క్లోరిన్ కలుస్తుంది. మనకు మేలు చేసే ఆ క్లోరిన్ చేప మొప్పలను కాల్చివేస్తుంది. నీటిని వెడల్పాటి పాత్రలో ఒక రోజంతా మూత లేకుండా ఉంచితే అది పోతుంది. లేదా రంగుచేపల దుకాణంలో దొరికే హైపో స్ఫటికాలను వారు చెప్పిన కొలత ప్రకారం వేయాలి. సినిమా ఫిలింను ల్యాబులో కడిగే రోజుల్లో, బొమ్మ చెరిగిపోకుండా నిలపడానికి వాడినది ఈ హైపోనే.

ఇక మన ఊళ్లలో చాలాచోట్ల బోరు నీరే గతి. పప్పు ఉడకని, సబ్బు నురగ పట్టని నీరు అయితే నిరాశపడనక్కరలేదు. గప్పీ, మోలీ, ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్ చేపలకు అటువంటి నీరే ఇష్టం. నియాన్ టెట్రాకు మాత్రం మెత్తని నీరు కావాలి. బోరు నీటిని కూడా తొట్టిలో పోసే ముందు గాలి తగిలేలా కొంతసేపు తిరగబోయాలి, ఎందుకంటే భూమి లోపలి నీటిలో ప్రాణవాయువు తక్కువ.

మొదటి తొట్టికి ఒక లెక్క

రెండడుగుల పొడవు, ఒక అడుగు వెడల్పు, ఒక అడుగు ఎత్తు ఉన్న తొట్టిలో సుమారు 50 లీటర్ల నీరు పడుతుంది. ఇసుక, రాళ్లతో కలిపి బరువు 60 కిలోలు దాటుతుంది గనుక గట్టి బల్ల మీద, ఎండ నేరుగా పడని చోట పెట్టాలి. ఇందులో 6 జీబ్రాలు, 3 ప్లాటీలు (ఒక మగది, రెండు ఆడవి), 4 కోరీడోరస్‌లు హాయిగా ఉంటాయి. మగది ఒక్కటే అయితే ఆడవాటి మీద వేధింపు తగ్గుతుంది. ప్లాటీలు పిల్లలను పెడతాయి. సంఖ్య పెరగకూడదనుకుంటే మూడూ ఆడవిగాని, మూడూ మగవిగాని తీసుకోవాలి. అయితే ఆడవి కొనకముందే చూలుతో ఉండి, తరువాత కూడా పిల్లలు పెట్టవచ్చు.

అన్నింటినీ ఒకేరోజు వేయకూడదు. చేపల వ్యర్థాల నుండి పుట్టే అమ్మోనియా విషం. దాన్ని విరిచే మేలుచేసే సూక్ష్మజీవులు ఫిల్టరులో స్థిరపడడానికి నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. కనుక ముందు మూడు నాలుగు గట్టి చేపలతో మొదలుపెట్టి, వారాల తేడాతో మిగిలినవి చేర్చాలి. కొత్త చేపల సంచిని పావుగంట తొట్టి నీటిమీద తేలనిచ్చి, కొద్దికొద్దిగా తొట్టి నీరు కలిపి, తరువాత వదలాలి. మేత రెండు నిమిషాల్లో తినగలిగినంతే వేయాలి. వారానికొకసారి నాలుగవ వంతు నీరు మార్చాలి. మొత్తం నీరు పారబోసి, ఫిల్టరును కుళాయి కింద రుద్ది కడిగితే ఆ సూక్ష్మజీవులు కూడా పోతాయి.

ఈ చేపలకు 24 నుండి 26 డిగ్రీల వేడి అనుకూలం. డిసెంబరు, జనవరి రాత్రుల్లో నీరు చల్లబడితే 50 వాట్ల హీటరు అవసరం. కరెంటు పోయే ఊళ్లలో బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి దగ్గర ఉంచుకోవాలి.

వద్దనుకున్న చేపను ఏం చేయాలి?

జూబిలీ హిల్స్ పక్కనే దుర్గం చెరువు ఉంది. మన ఊరిలోనూ చెరువో కాలువో ఉంటుంది. పెరిగిపోయిన చేపను అక్కడ వదిలితే పుణ్యమని కొందరు అనుకుంటారు. అది పొరపాటు. అద్దాలకు పట్టిన పాచి తింటుందని కొనే సక్కర్ చేప అడుగున్నర వరకు పెరుగుతుంది. అలా వదిలినవే తెలుగు రాష్ట్రాల చెరువుల్లో, నదుల్లో పెరిగి "దెయ్యం చేప" అని పేరు తెచ్చుకున్నాయి. ముళ్లతో వలలు చింపి, మన చేపల చోటు ఆక్రమించి, జాలరి కుటుంబాల కూటికి ఎసరు పెడుతున్నాయి. అక్కరలేని చేపను దుకాణానికి తిరిగి ఇవ్వండి, లేదా పెంచగలిగినవారికి ఇవ్వండి. నీళ్లలో మాత్రం వదలకండి.

తొట్టి పెట్టిన తరువాత పిల్లలకు ఒక పని అప్పగించండి. రోజూ మేత వేసేటప్పుడు చేపలను లెక్కపెట్టమనండి. అన్నీ పైకి వచ్చాయా? ఏదైనా మూలన నక్కి ఉందా? రెక్క చినిగిందా? బలమైనది బలహీనమైన దాని మేత లాక్కుంటున్నదా? ఏదైనా తేడా కనిపిస్తే ఆ రోజే చేపను వేరు చేయాలి. అందుకు మూత ఉన్న ఒక ప్లాస్టిక్ డబ్బా, చిన్న గాలి పంపు సిద్ధంగా పెట్టుకుంటే చాలు. నోరులేని ఆ ప్రాణుల తరఫున మాట్లాడవలసింది ఇంట్లో ఉన్న మనమే.